పసుపు అంగీ, పొడుగు హారన్

మా యారాలు చనిపోయిందన్న సంగతి నాకు ఒక ఆటో అతను చెప్పాడు. మా కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసే గదిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గరే పెట్టాలి. డ్యూటీ దిగాక ఫోన్ సంచిలో పడేసుకుని, చూసుకోకుండానే సైకిలెక్కాను. పటాన్‌చెరు సర్వీస్ రోడ్డులో యూటర్న్ దగ్గర అతను ఆటో ఆపి, "పసుపంగి అక్క పోయిందంట గదా! నువ్వు ఆమె యారాలువే గదా?" అన్నాడు. తీసి చూస్తే ఫోన్ నిండా ఇంటి నుంచి వచ్చిన మిస్డ్ కాల్సే. జ్వరమని సంగారెడ్డి దవాఖానలో చేర్పించాం, రేపో మాపో ఇంటికొస్తుందనుకున్నాం. ఒకే వాకిట్లో ఇన్నేళ్లు బతికిన నాకంటే ముందు రోడ్డుకు తెలిసింది. అక్కడే నిలబడి ఏడ్చాను. దాచడమెందుకు, ఆ ఏడుపులో కాస్త కుళ్లు కూడా ఉంది.

యారాలంటే తోడికోడలు. మా ఆయన అన్న భార్య. మాది భానూర్ పక్క ఊరు. ఉన్న పొలంలో సగం ఫ్యాక్టరీల కింద పోయాక ఇద్దరం ఒకే కంపెనీలో ప్యాకింగ్ పనిలో చేరాం. కంపెనీ బస్సు ఊళ్లోకి రావడం మానేసిన రోజు మిగతా ఆడవాళ్లు ఆటోలు మాట్లాడుకుంటే, ఆమె అటక మీది పాత సైకిల్ దించింది. పుట్టిల్లు జోగిపేట. వాళ్ల నాయనకు అక్కడ కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది, నడక నేర్చిన కొత్తలోనే సైకిలూ నేర్చినట్టుంది. నాకు మాత్రం పెళ్లై, కొడుకు పుట్టాక, ఆమే వెనక సీటు పట్టుకుని నేర్పింది. ఊరంతా చూసి నవ్వింది. ఆమెను చూసి ఎవరూ నవ్వలేదు.

మీలో ఎవరైనా తెల్లవారుజామున ఫస్ట్ షిఫ్ట్ వేళకు ఆ దారిన వెళ్లి ఉంటే ఆమెను చూసే ఉంటారు. చీర మీద మగవాళ్ల పసుపు అంగీ, నెత్తికి తెల్ల రుమాలు, చెప్పుల మడమలకు అతికించిన రేడియం స్టిక్కర్లు. వెనక లైటు పడితే ఆ రెండు మెరుపులూ ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడేవి. "సైకిల్‌కు అతికిస్తే రాయో రప్పో అనుకుంటరు. కాళ్లు కదుల్తుంటే మనిషని తెలుస్తది" అనేది. ఆమె వెనకే వెళ్లే నన్ను మాత్రం మీరు చూసి ఉండరు. ఎవరూ చూడలేదు. ఇదంతా రాస్తున్నది కూడా ఆ బాధతోనే.

యూటర్న్ దగ్గర ఆమెకొక పద్ధతి ఉండేది. సైకిల్ ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి, వచ్చే లారీ క్యాబిన్ వైపు తలెత్తి చూసేది. డ్రైవర్ తల ఊపేదాకా కదిలేది కాదు. వెనక నాకు డ్యూటీకి ఆలస్యమవుతుందని తొందర. "ఏందక్కా, ఖాళీగానే ఉంది గదా, పోదాం పా" అంటే, "బండిని చూసుడు కాదే, నడిపేటోని మొకం చూడు. వాడు నిన్ను చూసిండని నీకు తెల్వాలె. గప్పుడు కాలు తియ్యి" అనేది.

ఫ్యాక్టరీ గోడ వెంట ఇరుకు బాట ఒకటుంది. నడిచేవాళ్లూ, సైకిళ్లూ, ఒక్కోసారి అడ్డదారి పట్టిన బైకులూ అన్నీ అందులోనే. ఒడిశా, బిహార్ నుంచి పనికొచ్చిన కుర్ర పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని గుంపుగా నడుస్తుంటారు. నేనైతే వాళ్ల వీపు దాకా వెళ్లి గంట కొట్టేదాన్ని, వాళ్లు ఎగిరిపడి నా చక్రం మీదికే వచ్చేవారు. ఆమె ఎక్కడో దూరం నుంచే టింగుమనిపించి, దగ్గరికొచ్చాక నెమ్మదిగా "భయ్యా, జరా బాజూ" అనేది. వాళ్లు తప్పుకుని "నమస్తే దీదీ" అనేవారు. అదే పిల్లలు నా ముఖం కూడా రోజూ చూస్తున్నారు, ఒక్క నమస్తే నా వైపు రాలేదు.

ఇక లారీలవాళ్ల సంగతి చెప్తే ఇప్పటికీ నా కడుపు మండుతుంది. ఫ్యాక్టరీలకు నీళ్లు తోలే ట్యాంకర్లు ఆమె పక్కన వచ్చేసరికి రెండు చిన్న హారన్లు కొట్టేవి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినంత మర్యాదగా. ఆమె చెయ్యెత్తేది. అవే ట్యాంకర్లు నా వెనక మాత్రం ఎక్కడో ఉండగానే ఒక పొడుగాటి హారన్ మోగించేవి, చెవులు చిల్లులు పడేలా. నేను హడలిపోయి మట్టిలోకి దిగేదాన్ని. ఇంటికొస్తే మా ఆయన "వదినను చూసి నేర్చుకోరాదూ?" అనేవాడు. అత్తమ్మదీ అదే మాట. నా కొడుకు నా సైకిల్ వదిలేసి పెద్దమ్మ సైకిల్ ఎక్కేవాడు. ఇంట్లో ఆమే, రోడ్డు మీదా ఆమే. నేనెక్కడ ఉన్నట్టు?

నాకూ ఒక పసుపు అంగీ తెస్తానంది ఒకసారి. ఆమె వేసుకున్న రంగు నేనెందుకు వేసుకుంటాను? సంగారెడ్డి వెళ్లి, ఆమెదానికంటే ఖరీదైనది, ముదురు ఆకుపచ్చది కొనుక్కున్నాను. మర్నాడు దారి పక్క కానుగ చెట్ల వరసలో నేను వస్తుంటే ఆమె వెనక్కి తిరిగి చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "ఎక్కడున్నవే చెల్లె? చెట్లల్ల కలిసిపోయినవ్!" ఆ నవ్వుకు రోషం వచ్చి, ఆ అంగీ రంగు వెలిసేదాకా వదల్లేదు.

ఆ రోషంలోనే ఒకరోజు, ఇవాళ నేను ముందు పోతానన్నాను. "పో, ఎవరొద్దన్నరు?" అంది. కాసేపటికే వెనక నుంచి ఆ పొడుగు హారన్. నేను దిగిపోయాను. ఆమె వచ్చి పక్కన ఆగింది. "కొట్టిండంటే నిన్ను చూసిండనే గదనే. కొట్టనోనికి భయపడాలె" అంది. ఓదార్పుకు చెబుతోందనుకున్నాను. ఓదార్పు కూడా ఆమె దగ్గరే తీసుకోవాలా అని ఇంకా మండింది.

పదకొండో రోజు దినాలకు రోడ్డంతా మా వాకిట్లోకి వచ్చింది. ఆటోలవాళ్లు, గోడ వెంట నడిచే పిల్లలు, యూటర్న్ దగ్గర చాయ్ అమ్మే ఆమె. మూల మీద రెండు నీళ్ల ట్యాంకర్లు ఆగి ఉన్నాయి. నేను పోతే ఎవరొస్తారు అని లెక్కేసుకుంటూ విస్తళ్లలో అన్నం వడ్డిస్తున్నాను. జహీరాబాద్ వైపు ట్యాంకర్ డ్రైవర్ ఒకాయన, నెరిసిన గడ్డం, తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

"ఆకుపచ్చ అంగి చెల్లెవు నువ్వే గదా?"

నిజం చెప్తున్నాను, ఆ దుఃఖంలో కూడా నా ప్రాణం లేచొచ్చింది. నన్ను కూడా ఒకరు గుర్తుపట్టారు.

"అక్క మాకందరికి చెప్పి పెట్టింది నీ గురించి" అన్నాడాయన. "'నా వెనుక మా చెల్లె వస్తది. చెట్లల్ల కలిసిపోయే అంగి ఏసుకుంటది, ఎంత చెప్పినా ఇనది. మొకాలు చూడది. ఆమెకు దూరంకెల్లే లంబా హారన్ కొట్టుండ్రి, పక్కకు జరుగుతది' అన్నది. కొత్త డ్రైవర్ వస్తే ఆపి మరీ చెప్పేది. గందుకే కొడుతుంటిమి. పరేషాన్ అయితుంటివా ఏంది?"

"లేదన్నా" అన్నాను. అన్నం గిన్నె పక్కామెకిచ్చి ఇంటి వెనక్కి వెళ్లాను. ఇన్నేళ్లూ ఆ హారన్‌ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ముందు సైకిల్ మీద ఆమె అన్నీ వింటూనే వెళ్లింది. ఒక్క మాట చెప్తే ఏం పోయేది? చెప్తే నేను ఒప్పుకోనని తెలుసు కాబట్టి చెప్పలేదు. నేను ఇన్నాళ్లు బతికి ఇంటికి చేరింది కూడా ఆమె పరపతితోనే. అందుకు ఆమె కాళ్లు మొక్కాలనిపించింది. అది కూడా ఆమె ఖాతాలోకే పోయిందని మళ్లీ కుళ్లుకున్నాను.

దినాలయ్యాక డ్యూటీకి బయల్దేరాను. పసుపు అంగీ ఆమె బిడ్డ తీసుకుంది, నేను నారింజ రంగుది కొనుక్కున్నాను. ఊరు దాటగానే భయం పట్టుకుంది. నేనసలు ఏనాడూ రోడ్డును చూడలేదని అప్పుడు తెలిసింది. ఆ రెండు మడమల్ని చూస్తూ వెళ్లాను, అంతే. అవి ఆగితే ఆగాను, కదిలితే కదిలాను. యూటర్న్ దగ్గర సైకిల్ ఆపి, కాలు కింద పెట్టి, మొదటిసారి తలెత్తి క్యాబిన్‌లోకి చూశాను. ఎదురుగా ట్యాంకర్‌లో నెరిసిన గడ్డం. ఆయన తల ఊపాడు. నేను దాటాను.

కాసేపటికి ఆ ట్యాంకరే తిరిగి నా వెనక వచ్చింది. నా ముందు దారి ఖాళీగా ఉంది. మంచులో ఏ మడమలూ మెరవడం లేదు. మొదట రెండు చిన్న హారన్లు వినిపించాయి. చెయ్యెత్తేవాళ్లు లేరు. కొంచెం ఆగి, పొడుగ్గా ఒకటి, నాకు.