నా మెడ మీది నీళ్ల బుగ్గ

బొంగులూరు దగ్గర రోడ్డు పక్క గంపల్లో మగ్గిన సీతాఫలాల వాసన తగిలితే చాలు, ఇబ్రహీంపట్నంలోని మా రేకుల ఇల్లు, వానలు వెనకబట్టాక గుట్టల మీద ఆ కాయల కోసం పిల్లలం గుంపుగా తిరిగిన పొద్దులు, వాటితోపాటు నా మెడ కూడా గుర్తుకొస్తాయి.

పుట్టినప్పటి నుంచీ నా దవడ కింద నిమ్మకాయంత మెత్తటి వాపు ఉండేది. నొప్పి లేదు, నొక్కితే నీళ్లు నింపిన రబ్బరు బుగ్గలా కదిలేది. నా స్నేహితురాలు సుజాత, తక్కిన పిల్లలూ వంతులేసుకుని నొక్కేవాళ్లు. నొక్కనిచ్చినందుకు పండిన కాయలన్నీ నాకే. అందుకే దాన్ని నేనెప్పుడూ లోపమనుకోలేదు. నానమ్మ మాత్రం ఏవేవో ఆకులు నూరి కట్టేది.

ఊరి చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న కాలం అది. మా బాపు ఆ కొత్త ఇళ్లకు గోడలు కట్టే మేస్త్రీ. నా ఎనిమిదో ఏట వానాకాలంలో జలుబు చేసి, ఉన్నట్టుండి నిమ్మకాయ కాస్తా బత్తాయంత అయింది. చర్మం ఎర్రబడింది, ఒళ్లు జ్వరంతో కాలిపోయింది, గుటక దిగలేదు, ఊపిరి ఈలలా వచ్చింది. సూది కాల్చి పొడిస్తే నీళ్లు పోతాయన్నది నానమ్మ.

"ఎవ్వలు ముట్టొద్దు. దవాఖానకు తీస్కపోత" అని బాపు నన్నెత్తుకుని పట్నం బస్సెక్కాడు.

డాక్టరమ్మ స్కానింగ్ తీయించింది. ఒంట్లో లింఫు అనే నీరు పారే సన్నటి నాళాలు తల్లి కడుపులోనే సరిగ్గా కలవక, నీరు నిలిచి తిత్తులయ్యాయట. "క్యాన్సర్ కాదు, ఎవరికీ అంటదు. ఇంట్లో పొడిచి ఉంటే మాత్రం ప్రమాదమయ్యేది" అన్నది. ముందు మందులతో జ్వరం, ఎరుపు తగ్గించారు. కొన్ని వారాలకు మత్తిచ్చి, సూదితో నీరు లాగి, తిత్తుల గోడలు ముడుచుకుపోయే మందు ఎక్కించారు. మొదట వాపు పెరిగి తర్వాతే తగ్గుతుందని చెప్పే పంపారు. అయినా నా మెడ చూసి నానమ్మ ఊరుకోలేదు.

"తగ్గియ్యమంటే పెంచి పంపిన్రేందిరా?"

"జర ఓపిక పట్టే అమ్మ, ఫికర్ జెయ్యకు" అన్నాడు బాపు. ఆయన గొంతులోనూ ధైర్యం అంతంతమాత్రమే.

మరోసారి మందు ఎక్కించాక, దీపావళికి కుట్టించిన గౌను మెడ బొత్తాం పట్టింది. అమ్మ దాన్ని పెట్టి, తీసి, నమ్మకం కుదరక మళ్లీ పెట్టింది. సుజాత నా మెడంతా తడిమి, "గిప్పుడు నీ దగ్గర ఏమున్నదే?" అని నీరసపడింది. ఆ రోజు నుంచి కాయలు నేనే కోసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మేం కాయలు కోసుకున్న గుట్ట సగం చదునైంది, ఆదిభట్లకు వెళ్లే కంపెనీ బస్సులు దాని పక్కనుంచే తిరుగుతాయి. నానమ్మ లేదు. మొన్న మా పాప, వాపు ఏ పక్క ఉండేదని అడిగింది. చెప్పబోయి ఆగాను, అద్దం ముందు నిలబడి, వేలితో వెతుక్కోవాల్సి వచ్చింది.