రెండు జెండాల దిబ్బ

మొన్న ప్రొద్దుటూరులో ఒక కాలేజీవాళ్ళు నన్ను పిలిచి, వేదిక మీద మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, నా పేరుకు ముందు డాక్టరు అని తగిలించి పక్షిశాస్త్రవేత్తగా పరిచయం చేశారు. నేను ఏడో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పే ఓపిక లేక బడి మానేసినవాణ్ణి. మా ఇంట్లో నాకంటే తక్కువ చదివినవి మా నాయన గొర్రెలు మాత్రమే, వాటిల్లో కూడా ఒకటి రెండు బడి గోడ మీది అక్షరాల వైపు నాకంటే శ్రద్ధగా చూసేవి. ఆ సంగతి మైకులో చెప్పి సరిదిద్దుదామని లేచేసరికి పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు, అంత ఉత్సాహాన్ని చెడగొట్టడం భావ్యం కాదని మళ్ళీ కూర్చున్నాను.

చివర్లో ఒక ఆడపిల్ల లేచి, "ఆ కాలంలో ఈ పక్కంతా బాంబులేసుకుంటాండిరంట గదా తాతా, మీరు పిట్టలను ఎట్ల లెక్కబెట్టినారు?" అని అడిగింది. "వంగి లెక్కబెట్టినా తల్లీ" అన్నాను. సభంతా నవ్వింది, నేనూ నవ్వి తప్పించుకున్నాను. కానీ బస్సెక్కి ఇంటికి వస్తుంటే ఆ జవాబు నాకే చాలలేదు. ఆ పిల్లకు చెప్పనిది నా యీడు వాళ్ళకైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

మాది జమ్మలమడుగుకు పైన, మైలవరం జలాశయం గట్టున గొర్రెలు మేపుకొనే ఇల్లు. ఎండలు ముదిరి నీళ్ళు వెనక్కి తగ్గితే జలాశయం నడుమ ఒక ఇసుక దిబ్బ తేలేది. దాని మీదికి ఏటా తెల్లపిట్టలు గుంపుగా దిగి, గూడూ గీడూ ఏమీ లేకుండా ఉత్త ఇసుకలో గుంట చేసి గుడ్లు పెట్టేవి. నల్లటి టోపీ పెట్టినట్టు తల, పసుపుపచ్చ ముక్కు, కత్తెర లాంటి తోక. మేము వాటికి వేరే పేరేమీ పెట్టలేదు, వాటిని చూసి ఆగేంత తీరిక మా పక్క ఎవరికీ లేదు. అట్లాంటి చోటికి ఒక ఎండాకాలం కోస్తా నుంచి ఒక సారు వచ్చి, గట్టు మీద గుడారం వేసుకొని, మెడలో దుర్భిణీ తగిలించుకొని, పుట్టి నడిపే మనిషి కావాలని అడిగాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, గొర్రెల వెనక నడవడం, అవసరమైతే వాటిని పుట్టిలో నీళ్ళు దాటించడం తప్ప వేరే పని తెలియదు. ఆయన నన్ను "మీరు రేపు వస్తారా అండీ" అంటే, ఎవరితో మాట్లాడుతున్నాడా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

సారు వయసులో ఉన్నప్పుడంతా సముద్రపు లంకల మీద పిట్టలను లెక్కపెడుతూ గడిపినవాడు. ఈ తెల్లపిట్టల దాయాదులు నడిసముద్రంలో ఉంటాయనీ, నక్కా పిల్లీ మనిషీ రాలేని చోటని నమ్మి లంక మీద గుడ్లు పెడతాయనీ, ఆ నమ్మకమే వాటికున్న ఒకే ఒక్క కోట అనీ చెప్పేవాడు. చుట్టూ ఉప్పునీళ్ళుంటేనేమి పెన్నానీళ్ళుంటేనేమి, లంక లంకేనని ఆయన వాదన. నాకు అది సరిగ్గా ఎక్కకముందే, మొదటిరోజే, పుట్టి దిగి రెండడుగులు వేశానో లేదో కాలికింద ఏదో చిట్లింది. గులకరాయి అనుకొని తొక్కింది గుడ్డు. సారు వంగి ఆ పెంకు తీసి నా అరచేతిలో పెట్టాడు, అంతే. తిట్టివుంటే మరిచిపోయేవాణ్ణి. ఆ రోజు నుంచి నేను ఆ దిబ్బ మీద పాదం మోపే ముందు నేలను చదవడం నేర్చుకున్నాను, బడిలో పుస్తకాన్ని ఒక్కరోజు కూడా అట్లా చదివింది లేదు. మూడో ఎండాకాలానికి ఏ గుంటలో ఎన్ని గుడ్లో చూడకుండా చెప్పేవాణ్ణి. మిట్టమధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతుంటే తల్లిపిట్ట నీళ్ళమీద వాలి పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుందని సారు కంటే ముందు కనిపెట్టింది నేనే. ఆయన దాన్ని తన పుస్తకంలో రాసుకొని, పక్కన నా పేరు కూడా రాశాడు.

ఇక ఆ కాలపు సంగతి మన తరంవాళ్ళకు విడమరిచి చెప్పాలా? ఊరు నిలువునా రెండు పార్టీలు. వాళ్ళ టీ హోటలు వేరు, వీళ్ళది వేరు, మంగలి కూడా ఇద్దరు. బస్సెక్కితే ముందు సీట్లలో ఎవరున్నారో చూసి వెనక కూర్చోవాలో లేదో తేల్చుకొనేవాళ్ళం. ఏ పార్టీకీ చెందని మనిషంటే అందరికీ అనుమానమే. నన్ను ఎవరైనా నిలేసి అడిగితే, నేను పిట్టల పార్టీ అప్పా, మాకు ఓట్లు లేవు గాని రెక్కలుండాయి అనేవాణ్ణి. సగంమంది నవ్వేవాళ్ళు, మిగతా సగం గుర్తుపెట్టుకొనేవాళ్ళు. అన్నిటికంటే గట్టి కట్టుబాటు జెండాది. తగువున్న నేల మీద ఒక పార్టీ జెండా పాతిందంటే దాన్ని ఎదుటివాళ్ళు ముట్టుకోరు, ముట్టుకుంటే ప్రాణాలకు తెగించి వచ్చినట్టే లెక్క. ఉత్త గుడ్డపీలికకు అంత విలువ ఏమిటని సారు అడిగేవాడు.

మా మేనమామ ఒక పార్టీలో గట్టి మనిషి. ఆ మూడో ఎండాకాలం ఎన్నికలొచ్చాయి, ఎన్నికలతోబాటే ఊళ్ళో పట్టుదలలూ వచ్చాయి, ఆ పట్టుదలల్లో మా దిబ్బ కూడా చిక్కింది. నీళ్ళు తగ్గిన మట్టిలో దోసకాయా కర్బూజా బాగా కాస్తాయి. ఎద్దులను ఈదించుకొని పోయి దిబ్బను ఈసారి తామే దున్నాలని మామ పార్టీ అనుకుంది, అది విని ఎదుటి పార్టీ కూడా అనుకుంది. మామ గుడారం దగ్గరికి వచ్చి, గుక్కెడు నీళ్ళు తాగి, సంగతి చల్లగా చెప్పాడు.

"అల్లుడా, బేస్తవారం మడకలు దిగుతాండాయి. ఆలోగా నీ పిట్టలను లేపుకో."

"గుడ్ల మీదుండాయి మామా, యాడికి లేపేది?"

"పిట్టలను ఎగరగొట్టు, గుడ్లు ఆమ్లెట్టేసుకో. మీ సారుకు నాలుగు పెట్టు."

దిబ్బ మీద అప్పటికి వందకు తక్కువ కాని గుంటల్లో గుడ్లున్నాయి. మడక ఒక్కసారి తిరిగితే ఆ యేడు ఒక్క పిల్ల కూడా ఎగరదు. ఒకసారి అట్లా చెదిరిన గుంపు మళ్ళీ ఆ చోటికి వస్తుందన్న నమ్మకం లేదని సారు అనేవాడు. ఆయన మూడేళ్ళ పని పోతుంది, దానితోబాటు నేను పుట్టి బుద్ధెరిగాక సరిగ్గా చేసిన ఒకే ఒక పని కూడా పోతుంది. సారు అర్జీలు రాసుకొని తిరిగాడు. ఒక ఆఫీసులో నీళ్ళు మావి కావన్నారు, రెండో ఆఫీసులో పిట్టలు మావి కావన్నారు, మూడో ఆఫీసులో ఇసుక మాదే గాని ఎన్నికలు అయ్యేదాకా దానివైపు చూడలేమన్నారు. మంగళవారం సాయంత్రానికి ఆయన పుస్తకాలు పెట్టెలో సర్దుతున్నాడు. ఆ సర్దడం చూసి నాకు మండింది. గొర్రెలు మేపుకొనేవాడికి లెక్కలు నేర్పి, ఇప్పుడు లెక్క మధ్యలో వదిలి పొమ్మంటే నేను పోను, అనుకున్నాను.

బుధవారం ఊరంతా ఎండకు తలుపులేసుకున్న వేళ, మామ ఇంటికి పోయి అత్తను మజ్జిగ అడిగి, ఆమె లోపలికి పోగానే అటక మీది కట్టలోంచి ఒక జెండా చంకలో పెట్టుకున్నాను. అక్కడినుంచి ఎదుటి పార్టీ టీ హోటలుకు పోయి, గొర్రెపిల్లకు కాలు విరిగింది, కట్టుకట్టను పాతగుడ్డ ఏదైనా ఉంటే ఇయ్యప్పా అని అడిగి ఇంకో జెండా తెచ్చుకున్నాను. రెండు జెండాలూ చేతికందిన కర్రలకు కట్టి, పుట్టిలో పోయి, గుడ్లు లేని చోటు చూసుకొని దిబ్బ తూర్పు కొసన ఒకటి, పడమటి కొసన ఒకటి పాతి వచ్చాను. పిట్టలు నా నెత్తి మీద అరిచాయి, పొడిచాయి కూడా. ఎవరి కోసమే ఇదంతా అని వాటిని తిట్టుకుంటూ వచ్చాను.

బేస్తవారం పొద్దున మడకలు వచ్చాయి, మనుషులొచ్చారు, వాళ్ళ పంచెల కింద ఏముందో మనందరికీ తెలుసు. ఇవతలి గట్టున మామవాళ్ళు, అవతలి గట్టున ఎదుటివాళ్ళు, నడుమ నీళ్ళు, నీళ్ళ నడుమ రెండు జెండాలు. దున్నాలంటే ఎదుటివాళ్ళ జెండా పీకాలి. పీకితే ఏమవుతుందో అందరికీ తెలుసు. బారెడు పొద్దెక్కేదాకా నిలబడి, ఎద్దులకు నీళ్ళు తాపించుకొని, ఎవరి దారిన వాళ్ళు పోయారు. నేను పుట్టి ఎక్కి గుడ్లు లెక్కపెట్టడానికి పోయాను.

సారు ఆ సాయంత్రమే కనిపెట్టాడు, ఎట్లాగో నన్ను అడగొద్దు. ఆయన గొంతు పెంచడం అదే మొదలు, అదే చివర. "వాళ్ళల్లో ఒక్కడు ముందుకొచ్చి ఆ గుడ్డ పీకివుంటే ఎన్ని ప్రాణాలు పోయేవి? పక్షుల కోసం మనుషుల్ని పందెం పెట్టమని మీకెవరు చెప్పారు?" అన్నాడు. మా మనుషులు పుట్టినకాణ్ణించి పందెంలోనే ఉండారు సార్, నేను కొత్తగా పెట్టిందేముంది, అన్నాను. ఆయన నవ్వలేదు. కానీ జెండాలు తీసెయ్యమని ఆయనా అనలేదు, పెట్టెలోంచి పుస్తకాలు బయటికి తీశాడు.

పది రోజులకు మామ పార్టీ పెద్దాయన నుంచి కబురొచ్చింది. పెద్దాయన మంచం మీద కూర్చొని ఉన్నాడు, చుట్టూ పదిమంది, వాళ్ళ వెనక మామ.

"మా జెండా మేం పాతలేదంటాండారు మావోళ్ళు. నువ్వు దినామూ ఆడే ఉంటావు గదా, పాతిందెవురు?"

ఎదుటివాళ్ళ పేరు చెబితే ఊరు మండుతుంది, నా పేరు చెబితే నేను మండుతాను. "పిట్టలను లెక్కబెట్టేదానికే నాకు జీతమిస్తాండారు పెద్దాయనా, జెండాలను లెక్కబెట్టేదానికి గాదు" అన్నాను.

"చెప్పవా?"

"చెప్పను."

ఆ ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళు తక్కువ, అని నడిచి బయటికి వచ్చినవాళ్ళు ఇంకా తక్కువ. నన్ను బయటికి తెచ్చింది మాత్రం మా మామ నోరు. "మా అక్క కొడుకు ఏడో తరగతి రెండుసార్లు తప్పినోడు పెద్దాయనా, వానికి ఎడమచేయి ఏదో కుడిచేయి ఏదో తెలీదు, వాణ్ణి అడిగి ఏం లాభం" అన్నాడు. పదిమందీ పగలబడి నవ్వారు, పెద్దాయన కూడా మీసం కింద నవ్వి చేయి ఊపాడు. ఇంటికి వచ్చేదాకా మామ మీద కోపంతో ఉడికిపోయాను.

ఎన్నికలు అయ్యాయి, ఎవరో గెలిచారు. అప్పటికి దిబ్బ మీద పిల్లపిట్టలు ఇసుకరంగు ఈకలతో పరుగులు పెడుతున్నాయి. ఒక ఉదయం వాటిల్లో ఒకటి పరుగెత్తి పరుగెత్తి నేలను వదిలేసింది. సారు దుర్భిణీ దించి కళ్ళు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందన్నాడు, నేను సరేనన్నాను. తొలకరి తర్వాత నీళ్ళు పెరిగి దిబ్బా జెండాలూ అన్నీ మునిగిపోయాయి.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు నేను సారు వెంట సముద్రపు లంకల మీద బతికాను. ఎలుకలు పిట్టల గుడ్లు తినే చోట ఎలుకలను పట్టాను, పడవవాళ్ళు గుడ్లు ఏరుకొనే చోట వాళ్ళతో కలిసి తిని వాళ్ళచేత మాన్పించాను. ఒక లంక మీద విడిదిళ్ళు కట్టాలని కాగితాలు పట్టుకొచ్చిన దొరబాబు నా చదువెంతని అడిగితే, ఏడు తప్పినాను, మీ కాగితం గూడా తప్పేటట్టే ఉండాది అన్నాను. తప్పింది కూడా. సారు పోయాక నేను ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు మా పక్కకు పోయి చూస్తే కళ్ళకు ఏదీ ఆనదు. పైన గండికోటలో నీళ్ళు నిలిపారు, కొండాపురం పక్క ఊళ్ళకు ఊళ్ళు కొత్త కాలనీలకు లేచిపోయాయి, మా దిబ్బ ఒక యేడు తేలితే రెండేళ్ళు తేలదు. తేలిన యేడు పిట్టల కంటే ముందు జేసీబీ దిగుతుంది. బాంబులు పోయాయి, మంచిదే, ఆ కాలం మళ్ళీ రావాలని కోరేవాడు మనిషి కాడు. అయితే ఒకప్పుడు ఒకరి జెండాకు ఇంకొకరు భయపడేవాళ్ళు, ఆ భయం నడుమ పిట్టకు ఇంత చోటు దొరికింది. ఇప్పుడు రెండు జెండాలవాళ్ళూ ఒకే ఇసుకలో భాగస్తులు, ఆ నడుమ ఎవరికీ చోటు లేదు. మళ్ళీ అదే పని చేస్తావా అని ఎవరైనా అడిగితే, మోకాళ్ళు నొప్పులు గాని, ఈ పొద్దే చేస్తానంటాను. ఏమి పాతాలో మాత్రం తోచడం లేదు.

ముప్పై ఏళ్ళుగా నేను మనవళ్ళకూ మందికీ, రెండు పార్టీలను ఒక్క మధ్యాహ్నంలో బోల్తా కొట్టించినవాణ్ణని చెప్పుకొని తిరిగాను, ఒక్క మామకు తప్ప. పోయినేడు పులివెందులకు పోయాను. మామ ఇప్పుడు అక్కడ కూతురి ఇంట్లో ఉంటున్నాడు, చూపు మందగించింది, నోరు మాత్రం అట్లానే ఉంది. ఇక దాచేదేముందని, ఆ జెండాలు పాతింది నేనే మామా, అన్నాను. మామ వక్క నములుతూ నా వైపు తల తిప్పకుండానే అన్నాడు:

"ఆ పొద్దు మీ సారు గుడారం రెండు కర్రలు లేక ఒగపక్క కూలబడి ఉండె గదరా, అది ఈ గట్టునోళ్ళకూ కనబడె, ఆ గట్టునోళ్ళకూ కనబడె. ఆ యేడు సచ్చేదానికి ఎవురికీ మనసు లేకపాయ, ఇంటికి పోయేదానికి ఒక సాకు దొరికె, పోతిమి. నీ తెలివికి ఆగినామనుకొని ఇన్నేండ్లు తిరిగినావా అల్లుడా?"