పడగొట్టిన మాట

మొన్న నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఫోన్ చేసి, విజయనగరంలో మీ గురువుగారికి సన్మానం చేస్తున్నాం, ఆయన గొప్పతనం గురించి మీరు రెండు ముక్కలు మాట్లాడాలి మేడమ్ అన్నప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

గొప్పవారు కాదని నేననను. మెదడు దెబ్బతింటే మనిషి మాట ఎలా చెదిరిపోతుందో జీవితమంతా పరిశోధించారు, నాలాంటి పల్లెటూరి పిల్లల్ని చెయ్యి పట్టుకుని శాస్త్రజ్ఞుల్ని చేశారు, హాస్టల్లో జ్వరమొస్తే ఫ్లాస్కులో జావ పట్టుకొచ్చేవారు. నేను "సూడండి" అంటే మాత్రం పదిమందిలో నిలబెట్టి "చూడండి" అని వచ్చేదాకా పలికించేవారు. నా నాలుకకి సానబెడుతున్నారనుకుని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

మా అయ్య కళింగపట్నం ఒడ్డున చేపల వేలం పాడేవాడు. ఆయన గొంతెత్తితే ఎండుచేపల మీద వాలిన కాకులు లేచిపోయేవి. ఒక ఏడు స్వల్పంగా పక్షవాతం తగిలి కుడిచెయ్యి లాగేస్తే, మా గురువుగారిని మించి చూసేవాళ్లెవరని ఆయన దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన బొమ్మలు చూపించి పేర్లడిగారు. అయ్య నవ్వుతూ సేప, సెట్టు, సెరుకు అన్నాడు, చంద్రుడి బొమ్మ చూసి, "సందమావ గదేటి బాబూ, ఎవులికి తెల్దు?" అన్నాడు. గురువుగారు చుట్టూ ఉన్న విద్యార్థుల వైపు తిరిగి, దెబ్బ వల్ల చకారం పూర్తిగా పోయింది, గమనించండి అన్నారు. మా వైపు అందరూ అలాగే అంటారండీ అని నేను చెబితే, ఆయన చిరునవ్వుతో అన్న మాట ఈనాటికీ మండుతూనే ఉంది.

"నువ్వు చక్కగా పలుకుతున్నావు కదమ్మా."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అయ్య నెమ్మదిగా, "నా మాట సెడిపోనాదంట గదే అమ్మీ. నలుగురిలో ఇంకేటి పాడతాను" అన్నాడు. చెయ్యి త్వరలోనే బాగైంది గానీ, వేలానికి మళ్లీ వెళ్లలేదు. ఇంట్లోనూ సైగలతోనే సరిపెట్టుకుని, అలాగే పోయాడు. పక్షవాతంతో మాట పడిపోయిందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పడిపోలేదు, మా గురువుగారు పడగొట్టారు. ఆయన మాత్రం ఆ బొమ్మల పరీక్షతోనే పేరు తెచ్చుకున్నారు. నేను క్షమించలేదు, క్షమించను కూడా.

సభకి వస్తానని ఒప్పుకున్నాను. అయ్య మాటలోనే, ఆయన ఎదుటే మాట్లాడదామని. నిన్నటి నుంచి వంటింట్లో ఒక్కదాన్నే పలికి చూసుకుంటున్నాను. ఇప్పుడు మా ఒడ్డున వేలం మైకులో పాడుతున్నారు, పిల్లలంతా టీవీలో వాళ్లలాగే మాట్లాడుతున్నారు. మన ఈడు వాళ్లం తలుచుకుని నిట్టూర్చడమే గానీ, వాళ్లని అని ఏం లాభం? నేనే "సందమావ" అనబోతే చకారం ముందుకొచ్చి నిలబడుతోంది. రేపు గురువుగారు ఆ బొమ్మలు తెచ్చి నాకు పరీక్ష పెడితే, ఒక్క తప్పూ దొరకదు.