కొల్లాపూర్ బస్సులో జర్మన్ పాట

తొంభైల్లో కొల్లాపూర్ బస్సులో నా పక్కన కూర్చున్న జర్మన్ ఆవిడ ఒపెరా గాయని. పాటలతోనే నడిచే నాటకాలు ఆమెవి. ఒకే థియేటర్‌లో పద్నాలుగేళ్లు పాడిందట. పదిహేను నిండితే ఇక తీసేయడం కుదరదని, ముందే సాగనంపారట. ఇంగ్లీషులో ఆ మాట కోపంగా చెప్పింది.

ఎదుటి సీటులోని రహిమత్‌బీ "ఏమంటాంది?" అని అడిగితే తెలుగులో చెప్పాను. ఆమె భగ్గుమంది.

"ఆ దేశంల గూడ గిట్లనేనా? నేను దవాఖానల ఊడ్సేదాన్ని. పర్మినెంటు జెయ్యాల్సొస్తదని నన్ను గూడ తీసేసిండ్రు. గొంతు మంచిగనే ఉన్నది గదా? పాడుమను!"

ఆవిడ లేచి నిలబడి పాడింది. కిటికీ అద్దాలు అదిరాయి.

"ఏంది గీ లొల్లి? ఆమెను కూసోమనుర్రి!" కండక్టర్ అరిచాడు.

రహిమత్‌బీ అతని మీదికి లేచింది. "నువ్వు పర్మినెంటా?"

అతను టికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, పాట అయ్యేదాకా కూర్చున్నాడు.