ఏడుగురిలో నోరు తెరిచినవాడు

క్రైస్తవుల వేదంలో ఒక పారసీక రాజు కథ ఉంది. నిరుడు సాయంత్రపు నడకలో పక్కింటి రిటైర్డు టీచరమ్మ నాకు చెప్పింది. విందులో మత్తెక్కిన రాజు, తన రాణి అందం అతిథులకు చూపించాలని ఆమెను పిలిపించాడు. ఆమె రానంది. ఏం చేద్దామని రాజు తన ఏడుగురు ప్రధానులను అడిగాడు. వాళ్లలో ఒకడు, దీన్ని ఊరికే వదిలేస్తే దేశంలో ఏ ఆడదీ మొగుణ్ణి లెక్కచేయదు, ఈమె స్థానం ఇంకొకతెకు ఇవ్వండి అన్నాడు. మిగతావాళ్లు తలూపారు. టీచరమ్మ రాణి ధైర్యం గురించి చెప్పుకుపోతోంది. నేను మాత్రం ఆ సలహా ఇచ్చినవాడి దగ్గరే ఆగిపోయాను. వాడు నాకు బాగా తెలుసు.

మా మేనమామకు అరవనాట తుడియలూరులో పంపుల వర్క్‌షాపు ఉండేది. కాలేజీ చదివిన మూడేళ్లూ వాళ్లింట్లోనే తిన్నాను. పరీక్షలప్పుడు అత్త నాకంటే ముందు లేచి కాఫీ పెట్టేది. నాకు ఉద్యోగమొచ్చిన ఏడాది ఆయుధపూజనాడు మామ డీలర్లను ఇంటికి భోజనానికి పిలిచాడు. సీసాలు కూడా తెరుచుకున్నాయి. కాస్త ఎక్కాక, పట్టుచీర కట్టుకుని కొత్త వజ్రాల కమ్మలు పెట్టుకుని వచ్చి అందరికీ కనపడమని అత్తకు కబురు పంపాడు. తాగినవాళ్ల ముందుకు రానని ఆమె వంటింట్లోంచే చెప్పి పంపింది.

మామ మొహం మాడిపోయింది. డీలర్లు వెళ్లాక హాల్లో బంధువులం మాత్రమే మిగిలాం. ఇప్పుడేం చేయాలని మామ అడిగాడు. పెద్దవాళ్లంతా నేలచూపులు చూశారు. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏదో ఒకటి చెప్పకపోతే నా చదువుకు తక్కువనుకున్నాను. నేను తాగలేదు. ఆ సాకు కూడా నాకు లేదు.

"ఈ పొద్దు ఈమెని ఊరికే విడిచిపెడితే, రేపు మన ఇండ్లలో ఒగరూ మాట వినరు మామా. వచ్చే నిశ్చయానికి తాంబూలం తట్ట చిన్నకోడలి చేతికి ఇయ్యండి."

మా ఇళ్లలో పెళ్లి నిశ్చయమైతే వియ్యాలవారికి మొదటి తాంబూలం తట్ట పెద్దకోడలే, అంటే మా అత్తే, అందించాలి. ఆ తట్ట ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లది. ఒకసారి చెయ్యి మారిందంటే మళ్లీ వెనక్కి రాదు. అది తెలిసే అన్నాను. అందరూ సరి సరి అన్నారు. నా సలహా ఎంత బాగుందో అని నాలో నేనే మురిసిపోయాను కూడా.

మరుసటి నెల పెరియకుళంలో మామ తమ్ముడి కూతురికి నిశ్చయం జరిగింది. తట్ట చిన్నకోడలు, ఆ తమ్ముడి భార్య, పట్టుకుంది. అత్త వెనక వరసలో కూర్చుని, పిలిచినవాళ్లకు మంచినీళ్లు అందించింది. కొన్నాళ్లకు మామ కోపం చల్లారి, తట్ట మళ్లీ ఆమెకే ఇప్పిద్దామని చూశాడు. అంతమంది ముందు ఒకరికి ఇచ్చింది తిరిగి ఎలా లాక్కుంటామని తమ్ముడు ఒప్పుకోలేదు. మామ పోయాడు గానీ ఆ తట్ట మళ్లీ అత్త చేతికి రాలేదు.

కథ విన్నాక వెళ్లాలనుకుంటూనే నెలలు గడిపాను. నోటితో చెప్పి క్షమించమని అడగాలని, పోయిన నెల తుడియలూరు వెళ్లాను. అత్తకు ఎనభై దాటాయి. నన్ను చూసి సంతోషపడి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ఆయుధపూజ గుర్తుందా అత్తా అని మొదలుపెట్టాను. నన్ను ముగించనివ్వలేదు.

"ఆ పొద్దు వంటింటి కదవు వెనకాల నిలబడి ఉంటిని సామీ. ఏమి పేసినారో మాటలు తెలియలే. నీ గొంతు మాత్రం వినిపించింది. నా కోసరం నువ్వొకడివన్నా వాళ్లతో వాదాడినావు కదా, అదే చాలనుకుంటిని. ఇన్నేండ్లూ అదే తలుచుకుని ఉండాను."



"చిన్నపిల్లోడి మాట ఎవురు విన్నారు అత్తా," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. నేను పట్టుకోనిచ్చాను.