వెనక క్యారియర్ మీద బరువు

శుక్రవారం పొద్దున అంగన్‌వాడీలో పిల్లల్ని కాటా మీద నిలబెట్టి బరువులు రాస్తున్నాను. ఆయా లోపలికొచ్చి, "టీచరుగారండీ, మీ పక్కింటి బాబాయిగారు పోయారంటండీ" అంది. కాటా మీదున్న పిల్ల ఎంత తూగిందో చూసి కూడా రాయలేకపోయాను. పాలావిడ వచ్చి పిలిచి పిలిచి, తలుపు తోసి చూసిందట. మంచం మీద పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉన్నారట.

జంగారెడ్డిగూడెం నుంచి కూతురూ అల్లుడూ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పాడె ఎత్తినవాళ్ళలో ఒకాయన, "ఏమీ లేడండీ మనిషి, దూదిలా ఉన్నాడు" అన్నాడు. ఎంతున్నారో కచ్చితంగా చెప్పగలిగిన మనిషి మా ఊళ్ళో ఒక్కరే. ఆ ఒక్కరే పాడె మీద ఉన్నారు.

కొల్లేరు పక్కన మా ఊళ్ళో పొలాలు సగం చేపల చెరువులైపోయాయి. చెరువు పట్టిన రోజున చేపల్ని ట్రేలలో పోసి కాటా వేసే పని బాబాయిగారిది. ట్రే ఎత్తగానే ముందు ఆయన బరువు చెప్పేవారు, తరవాత కాటా చెప్పేది. అర కిలో తేడా కూడా ఆ చేతులకి తెలిసేది. ఒకసారి మా అంగన్‌వాడీకొచ్చి ఓ పిల్లని ఎత్తుకుని చూసి, "మీ కాటా తక్కువ చూపిత్తందండీ. పిల్లలు చిక్కిపోయారని బెంగెట్టుకోకండి" అన్నారు. నాకు కాస్త నోరెక్కువ. చేపలూ పిల్లలూ ఒకటేనా అన్నాను. తరవాత ఆఫీసువాళ్ళు కాటా తనిఖీ చేసి అదే మాట అన్నారు. ఆయన మాత్రం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆయన సైకిలు నల్లటి ఎత్తు సైకిలు. ఒక మనిషి తొక్కడానికి చేసింది. వెనకున్న క్యారియర్ సామాను కట్టుకోవడానికే. పిన్నిగారికి కిడ్నీలు పాడయ్యాక ఆ క్యారియర్ మీద గోనె మడతపెట్టి, పైన ఆవిడ పాత చీర చుట్టి మెత్తగా చేశారు. కాళ్ళు చక్రంలోకి పోకుండా పక్కన ఒక ఇనప పట్టీ వెల్డింగ్ చేయించారు. మంగళవారం, శుక్రవారం ఏలూరులో డయాలసిస్. ఆటో గానీ బస్సు గానీ ఎక్కితే పిన్నిగారికి వాంతులు. అందుకని భీమడోలు స్టేషను దాకా సైకిలు, అక్కణ్ణించి రైలు. తిరిగొచ్చేటప్పుడూ అంతే.

డయాలసిస్ మనిషికి ఒంట్లో నీరు చేరుతుంది. అక్కడ మిషను ఎక్కించే ముందు బరువు చూస్తారు. నర్సు చూడకముందే బాబాయిగారు చెప్పేసేవారట, "ఈవేళ రెండుంబావు ఎక్కువుందండీ" అని. ఏడు కిలోమీటర్లు తొక్కిన కాళ్ళు చెప్పేవి ఆ లెక్క. పిన్నిగారే నవ్వుతూ నాకు చెప్పారు. "చేపని చూసినట్టు చూత్తారమ్మాయ్ నన్ను" అన్నారు.

డాక్టరు లెక్క ప్రకారం ఆవిడకి రోజంతటికీ రెండు గ్లాసుల నీళ్ళు, అంతే. మందులకీ అవే, మజ్జిగకీ అవే. ఎండాకాలం. చుట్టూ చెరువులు, ఎటు చూసినా నీళ్ళు. ఆవిడ పెదాలు చిట్లి నెత్తురు వచ్చేది. బాబాయిగారు చెరువుల మీదికి వెళ్ళినప్పుడు మా గుమ్మంలోకి వచ్చి కూచునేవారు. అడిగేవారు కాదు. నా కుండ వైపు చూసేవారు. ఒక రోజు ఆగలేక స్టీలు గ్లాసు నిండా ముంచి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగారు. "ఆయనకి చెప్పకమ్మాయ్" అన్నారు. అప్పట్నుంచి అది అలవాటైపోయింది. తప్పని తెలుసు. తెలిసే ఇచ్చాను.

ఓ మంగళవారం పొద్దున సైకిలు మా గుమ్మం ముందు ఆపి, "ఈవారం బరువు బాగా ఎక్కిందండీ మీ పిన్నిగారు" అన్నారు బాబాయిగారు. మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయారు. తేలు కుట్టిన దొంగలా నేను ముగ్గు వేసుకుంటూ తల వంచుకున్నాను.

ఆ శీతాకాలానికి పిన్నిగారు బాగా నీరసించిపోయారు. ఒక సాయంత్రం ఏలూరు నుంచి తిరిగొస్తూ కాలవ వంతెన గతుకు దగ్గర ఆవిడ క్యారియర్ మీంచి జారి పడిపోయారు. బాబాయిగారికి తెలియలేదు. డయాలసిస్ అయిన రోజు ఆవిడ తేలికగా ఉండేవారు, ఎటూ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఊరి మొదట్లోకి వచ్చి, "పప్పు చేయనా, చారు చేయనా" అని అడిగితే జవాబు లేదట. వెనక్కి తిరిగి చూస్తే చీర చుట్టిన గోనె మాత్రమే ఉంది. తిరిగి తొక్కుకుంటూ పోతే ఆవిడ రోడ్డు పక్కన మట్టిలో కూచుని ఉన్నారు.

"పిలవలేదేంటే?"

"పిలిచానండీ. గొంతు రాలేదు."

ఆ మాట బాబాయిగారే మా అరుగు మీద కూచుని చెప్పారు. చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నారు. "అర కిలో తేడా తెలిసే చేతులండీ ఇవి. మనిషికి మనిషే జారిపోతే తెలవలేదు" అన్నారు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. తరవాతి ప్రయాణం నుంచి తన కండువాతో ఆవిడ నడుముని తన నడుముకి కట్టుకుని తొక్కడం మొదలుపెట్టారు. ఊళ్ళో కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళని నేను నడిరోడ్డు మీద కడిగేశాను. కానీ నీళ్ళివ్వడం మానలేదు.

ఆ తరవాతి వర్షాకాలంలో వాన వదలకుండా పట్టింది. సోమవారం సాయంత్రం పిన్నిగారు వస్తే రెండు గ్లాసులిచ్చాను. రేపెలాగూ మిషను మీద తీసేస్తారు కదా అనుకున్నాను. తెల్లారేసరికి కొల్లేరు పొంగి రోడ్డు మునిగిపోయింది. బాబాయిగారు ఆవిణ్ణి క్యారియర్ మీద కూచోబెట్టి, మోకాలి లోతు నీళ్ళలో సైకిలు తోసుకుంటూ వెళ్ళారు. వంతెన దాటాక నీళ్ళు నడుం దాకా వచ్చాయి. పడవ కోసం సాయంత్రం దాకా చూసి వెనక్కి వచ్చేశారు. బుధవారం మధ్యాహ్నం పిన్నిగారికి ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నారు. పోయారు.

రెండు గ్లాసులంటే అర కిలో. ఆ లెక్క నాకు వచ్చు.

తరవాత చాన్నాళ్ళు బాబాయిగారికి ఎదురు పడకుండా తిరిగాను. ఆయన మాత్రం సైకిలు మానలేదు. భీమడోలు రోడ్డు మీద ఎవరు నడుస్తూ కనిపించినా ఆపి ఎక్కించుకునేవారు. "ఎక్కేటప్పుడు చెప్పక్కర్లేదండీ, నాకే తెలుత్తది. దిగేటప్పుడు మాత్రం చెప్పండి" అనేవారు అందరితో. మొన్న వేసవిలో బస్సు తప్పిపోయి ఎండలో వస్తుంటే నా పక్కనే సైకిలు ఆగింది. కాదనలేక ఎక్కాను. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇక మోయలేకపోయాను. ఆయన వీపు చూస్తూ మొత్తం చెప్పేశాను. గ్లాసులు, ఆ సోమవారం, అన్నీ.

ఆయన తొక్కుతూనే ఉన్నారు. గతుకు నెమ్మదిగా దాటించి అన్నారు.

"తెలుసమ్మా. ఆ మంగళవారం తోత్తంటేనే తెలిసిపోయింది. అంతకుముందూ తెలుసు. మీరు నీళ్ళిచ్చిన మర్నాడు దానికి గొంతొచ్చేదండీ. భీమడోలు దాకా మాట్లాడతానే ఉండేది. చిన్నప్పటి ఊసులన్నీ చెప్పేది. లేకపోతే నోరు పిడచకట్టి ఒక్క ముక్కా లేదు. మీకు వద్దని చెప్పాలండీ నేను. ఆ మాటలు వినాలని చెప్పలేదు."

"నేనివ్వకపోతే బతికేవారేమో బాబాయిగారూ."

"ఏమోనండీ. ఇంకొన్నాళ్ళు ఉండేదేమో. లేదని నేననలేను. కానీ మీ ఒక్కరి మీదే వేసుకోకండి."

నన్ను ఓదార్చడానికి అబద్ధమాడలేదు ఆయన. తూకంలో ఎప్పుడూ ఆడని మనిషి, నా కోసం మాత్రం ఎందుకు ఆడతారు? మా వీధి మొదట్లో "దిగుతానండీ" అన్నాను. సైకిలు ఆపి, నేను దిగేదాకా వెనక్కి తిరిగి చూస్తూ ఉన్నారు.

పదో రోజు దాకా ప్రాణం పోయిన చోట దీపం, చెంబుతో నీళ్ళు పెడతారు కదా. కూతురు మంచం దగ్గర పెట్టింది. సైకిలు బయట గోడకి ఆనించి ఉంది. క్యారియర్ మీద ఆ గోనె, ఆ చీర అలాగే ఉన్నాయి. కండువా సీటు కింద ముడేసి ఉంది. నేను మా ఇంట్లోకి వెళ్ళి ఆ స్టీలు గ్లాసే తెచ్చి, నిండా నీళ్ళు పోసి క్యారియర్ మీద పెట్టాను.

"అదెవరికండీ?" అంది కూతురు.

"మీ అమ్మకి" అన్నాను.

మర్నాడు పొద్దున చూస్తే నీళ్ళు రెండు వేళ్ళు తగ్గాయి. ఎండకి ఆరాయో, కాకి తాగిందో. మళ్ళీ నిండా పోశాను.