సమ్మత్త క్యాసెట్లో తెగిన పాట

మా చిన్నప్పుడు... టేపురికార్డర్ కూడా మాతో మిరపచేనికి వచ్చేది. దాన్ని గట్టు మీద గొడుగు నీడలో పెట్టి, సాళ్ళలో వంగి కాయలు కోస్తూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే పాట వినేవాళ్ళం. కిష్టారం దగ్గర మా వాడ మొత్తానికీ ఉన్నది ఆ ఒక్క టేపురికార్డరే... నాన్నది.

పాట మాత్రం సమ్మత్తది. అంటే నాన్న చెల్లెలు సమ్మక్కది. హైదరాబాద్ కుర్రాళ్ళు నలుగురు కలిసి పాడిన రాక్ బ్యాండ్ క్యాసెట్... కోంటా సంతలో ఏరికోరి కొనుక్కుంది.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి... ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది. క్యాసెట్ వచ్చిన మర్నాడే, ఇంట్లో ఎవరూ లేని వేళ, ఆ గోధుమరంగు టేపు మీద పాట ఎక్కడ ఉంటుందో చూద్దామని వేలితో లాగాను. లాగిన కొద్దీ వచ్చింది. మళ్ళీ లోపలికి తొయ్యబోతే నలిగి ముడులు పడింది.

సమ్మత్త వచ్చి చూసింది. తిట్టలేదు. నలిగిన రెండు మూరల టేపునీ బ్లేడుతో కోసేసి, కొసలు రెండూ సెల్లోటేపుతో అతికించి, పెన్సిల్ పెట్టి చుట్టేసింది. నాన్న చెయ్యి ఎంత దురుసో మా ఇద్దరికీ తెలుసు.

"ఎవరడిగినా నాకు తెల్వదని చెప్పు. నేను జూసుకుంటా," అంది.

అప్పటినుంచి మా పాటలో రెండో చరణం అవ్వగానే టక్కున మూడోది వచ్చేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సంతలో పాటలు నింపే కొట్టులో మా క్యాసెట్ నుంచే కాపీలు చేయించుకున్నారు... వాళ్ళకూ అంతే. అందరికీ పాటంటే అదే. ఒక్క ముత్తయ్య తాతే ఒప్పుకునేవాడు కాదు. ఆయన మా పక్కింటి దొర్ల తెగ పెద్దాయన, పెళ్ళిళ్ళకు డోలు కొట్టేవాడు.

"ఏందే సమ్మక్కా... ఆడ ఏదో తప్పిపోయింది. కాలు లేపినంక దించనీకి జాగ లేదు," అనేవాడు.

"గీ పాటలు గట్లనే ఉంటయ్ తాతా," అని అత్త నవ్వేసేది.

కొన్నాళ్ళకి ఆ బ్యాండే కోంటా వస్తోందని తెలిసింది. డ్రమ్స్ కొట్టే అబ్బాయి వాళ్ళ నాన్న ఒకప్పుడు అక్కడ మాస్టారట. చీకటి పడకముందే జీపులు అడవి దారిలో వెనక్కి రావాలి కాబట్టి కచేరీ మధ్యాహ్నం రెండింటికే పెట్టారు. మా వాడ నుంచి రెండు జీపుల నిండా బయల్దేరాం. మిరపకోతల జట్టంతా ఉంది... నాన్న, ముత్తయ్య తాత కూడా.

"అచ్చం టేపుల ఉన్నట్టే ఉంటది. ఒక్క ముక్క తేడా వస్తే నన్నడుగుండ్రి," అని సమ్మత్త దారి పొడుగునా అందరికీ భరోసా ఇచ్చింది. రెండు మూరల సంగతి తను మర్చేపోయినట్టుంది. నేను మర్చిపోలేదు.

సంత మైదానంలో ట్రాక్టర్ ట్రాలీలే స్టేజీ. పక్కన బీరువాలంత సౌండ్ బాక్సులు. మొదటి దెబ్బకే పక్కటెముకలు అదిరాయి. పాడే అబ్బాయి గొంతు టేపులో కన్నా బొంగురుగా ఉంది. "పిల్లగానికి సర్ది చేసిందేమో," అని మా జట్టులో ఒకామె జాలిపడింది.

చివరికి మా పాట వచ్చింది. మైదానమంతా గొంతు కలిపింది. రెండో చరణం అయింది... మేమంతా మూడోదాంట్లోకి దూకాం. స్టేజీ మీద మాత్రం ఒక్క డ్రమ్స్ మోగుతున్నాయి. మాటల్లేవు. నాలుగు పదాలు పాడి తెల్లబోయి ఆగాం.

"తప్పు గొడుతున్రు," అని గుసగుసలు. "గానా గలత్ హై భైయా," పాట తప్పని వెనకనుంచి ఎవరో హిందీలో గట్టిగానే అన్నారు. పాడే అబ్బాయి పాట ఆపి, ఏమైందని మైకులో అడిగాడు. రెండు జీపుల జనం సమ్మత్త వైపు తిరిగారు. నాన్న కూడా. నేను అత్త కొంగు పట్టుకుని వెనక్కి నక్కాను.

అత్త లేచి నిలబడింది. "టేపు చిక్కుపడితే నేనే కోసిన. తప్పు మీది గాదు... నాది."

నవ్వులు మొదలయ్యాయి. నాన్న నవ్వలేదు. ముత్తయ్య తాత మాత్రం జనాన్ని తోసుకుంటూ స్టేజీ దాకా వెళ్ళాడు. "గా ముక్క మల్ల కొట్టు బిడ్డా... నేనింటా," అన్నాడు.

డ్రమ్స్ అబ్బాయి తాత కోసం ఆ ముక్క ఒక్కటే కొట్టాడు. తాత కళ్ళు మూసుకుని, పాదం ఎత్తి, చివరి దెబ్బకి నేల మీద ఆనించాడు. "ఇగో... ఈడ దించాలె," అన్నాడు. ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్నది దొరికిన మనిషిలా ఉన్నాడు.

తర్వాత పాడే అబ్బాయి నవ్వి, "ఇప్పుడు మీ పాట," అని మా తెగిన పాటనే పాడాడు. రెండో చరణం నుంచి టక్కున మూడోదాంట్లోకి... ఈసారి మైదానమంతా ఒక్క గొంతైంది. అంత దూరం వెళ్ళింది అది వినడానికే కదా మేము.

ఇంటికొచ్చాక నాన్న టేపురికార్డర్‌ని అటక మీద పెట్టేశాడు. సమ్మత్తని మళ్ళీ దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ ఏడు మిరపకోతలు పాట లేకుండానే అయిపోయాయి. ఊళ్ళో ఆమెకి 'పాట కోసిన సమ్మక్క' అన్న పేరు మిగిలిపోయింది. నేను నోరు తెరవలేదు.

ఇప్పుడు కచేరీకి వెళ్తే పక్కవాళ్ళు బేస్ ఎక్కువైందని, రికార్డింగులో ఉన్నట్టు లేదని విసుక్కుంటారు. వాళ్ళనేమీ అనలేను... మేమూ అదే అనుకున్నవాళ్ళం. ఆ పాట ఇప్పుడు నా ఫోన్లో పూర్తిగా ఉంది, చిన్న గరగర కూడా లేకుండా. అయినా ఆ డ్రమ్స్ రాగానే నా నోరు మూడో చరణంలోకి దూకేస్తుంది.

ముత్తయ్య తాత లేడు. సమ్మత్త ఈమధ్యే ఫోన్లో ఇలాంటివి చదవడం నేర్చుకుంది. అత్తా... టేపు లాగింది నేనని ఇవాళ అందరి ముందూ చెప్తున్నా.

ఇప్పటి పాటలు తెగవు... మన తప్పు తన మీద వేసుకుని అతికించే అత్త అవసరమూ ఇప్పటి పిల్లలకి రాదు. మీ ఇంట్లో ఏ పాట ఎక్కడ తెగిందో చెప్పండి... తెంపిందెవరో కూడా.